నాలుగో రోజు మధ్యాహ్నం, ఆప్షనల్

మొన్న రాత్రి ఒక తమ్ముడు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపిండు. హాస్టల్‌లో నాకంటే మూడేండ్లు చిన్న, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు దోస్తులు నలుగురితో కలిసి ఉగాండా పోతున్నడట, కొండ గొరిల్లాలను చూడనీకి. "అన్నా, మన గూడెం నుంచి ఆఫ్రికా పోతున్న మొదటోన్ని నేనే" అని కింద రాసిండు. నాకు నిజంగనే సంతోషమైంది. ఇప్పపువ్వు ఏరి చదివించిన తల్లి కొడుకు తన జీతంతో విమానం ఎక్కుతుంటే వద్దనడానికి నేనెవరిని?

పీడీఎఫ్ మొత్తం చదివిన. మొదటి రోజు ఎంటెబ్బె విమానాశ్రయం. రెండో రోజు కారులో బ్విండి, ఎనిమిది నుంచి పది గంటల ప్రయాణం. మూడో రోజు గొరిల్లా ట్రెక్కింగ్. నాలుగో రోజు పొద్దున బున్యోని సరస్సులో పడవ, మధ్యాహ్నం 'బత్వా ఎక్స్‌పీరియన్స్'. దాని పక్కనే చిన్న అక్షరాలతో 'ఆప్షనల్' అని ఉంది.

"అన్నా, ఈ నాలుగో రోజుది ఉంచాల్నా తీసెయ్యాల్నా? దానికి వేరేగా పైసలంటున్నరు. డాన్సే కద, మన దగ్గర గుస్సాడీ చూస్తనే ఉంటం" అని అడిగిండు.

ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చే జవాబు కాదని ఇక్కడ రాస్తున్న. అతనొక్కడికే కాదు, మనలో ఇంకా చాలామంది రేపు ఇట్లాంటి ప్రయాణాలు చేస్తరు. చేయాలె కూడా.

ముందు గొరిల్లాల సంగతి చెప్పుకుందాం. కొండ గొరిల్లాలు ప్రపంచం మొత్తం మీద రెండే చోట్ల ఉన్నయి. ఒకటి ఉగాండా, రువాండా, కాంగో సరిహద్దులు కలిసే విరుంగా అగ్నిపర్వతాల వరుస. రెండోది ఉగాండా నైరుతి మూలన ఉన్న బ్విండి అడవి. 1981లో లెక్కపెడితే విరుంగాలో 254 మాత్రమే మిగిలినయి. 2015-16 లెక్కల్లో అదే విరుంగాలో 604 తేలినయి. బ్విండి వైపు లెక్క కూడా కలిపితే 2018 నాటికి మొత్తం 1,063. ఆ సంవత్సరం నవంబర్‌లో ఐయూసీఎన్ ఈ జంతువును అంతరించే ముప్పు అతి తీవ్రంగా ఉన్న జాబితా నుంచి ఒక మెట్టు కిందికి దించింది. మనిషికి దగ్గరి చుట్టాలైన పెద్ద వానరాల్లో ఇట్లా సంఖ్య పెరిగిన కథ మరొకటి లేదు.

ఈ పనిని తక్కువ చేసి మాట్లాడే మనవాళ్లతో నాకు పేచీ ఉంది. కాంగో వైపున్న విరుంగా పార్కులో ఇప్పటిదాకా రెండు వందల మందికి పైగా రేంజర్లు ప్రాణాలు పోగొట్టుకున్నరు. గొరిల్లాకు ఉచ్చు తగిలితే అడవిలోకే నడుచుకుంటూ పోయి వైద్యం చేసే పశువైద్యులున్నరు. ఆ ఉచ్చులు ఎక్కువగా చిన్న జింకల కోసం పెట్టినవే, గొరిల్లా కోసం కాదు, అయినా దాని చెయ్యి పోతది. ఇదంతా నిజం. అడవిని నమ్ముకున్నోళ్లం మనం, ఒక జంతువు బతికి బయటపడ్డదంటే మనకే ముందు సంతోషం కావాలె.

ఇక ప్రయాణం లెక్కలు. పోదామనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది పర్మిట్. విమానం టికెట్ కొని తర్వాత పర్మిట్ వెతుక్కుంటే చేతులు కాలుతయి. ఒక గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకు ఎనిమిది మందినే పంపుతరు, అదీ ఒక్క గంట. జూన్ నుంచి ఆగస్టు దాకా, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వానలు తక్కువ కాబట్టి ఆ నెలల్లో గిరాకీ ఎక్కువ. ఉగాండాలో విదేశీయులకు పర్మిట్ ధర 2024 జులై నుంచి 800 డాలర్లు, అంటే మన 70 వేల రూపాయల దగ్గర. రువాండాలో 2017లో 750 డాలర్లు ఉన్నదాన్ని ఒక్కసారిగా 1,500 చేసిండ్రు. కాంగోలో చౌకనే గానీ అక్కడ యుద్ధం. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకుంటే ఉగాండాలో దిగనియ్యరు, తిరిగొచ్చేటప్పుడు మన దేశంలోనూ ఆ కార్డు అడుగుతరు. టీకా ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలె. ఉగాండా, రువాండా, కెన్యా మూడింటికీ కలిపి 100 డాలర్లకు ఒకే టూరిస్టు వీసా ఉంది. కిగాలిలో దిగితే రోడ్డు ప్రయాణం సగానికి తగ్గుతది. రువాండాలో దిగి ఉగాండాలో చూసొచ్చేవాళ్లు అందుకే ఎక్కువ.

చూసే రోజు పద్ధతి ఇట్లుంటది. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య పార్కు ఆఫీసు దగ్గర అందరినీ కూర్చోబెట్టి నియమాలు చెప్తరు. అప్పటికే ట్రాకర్లు అడవిలో ఉంటరు. గొరిల్లాలు ప్రతి రాత్రీ ఆకులు, కొమ్మలతో కొత్త పక్క వేసుకుంటయి. నిన్న చూసిన చోటు నుంచి మొదలుపెట్టి, రాత్రి పండుకున్న చోటు పట్టుకొని, అక్కడి నుంచి విరిగిన కొమ్మ, తొక్కిన గడ్డి, తాజా పేడ చూసుకుంటూ పోయి రేడియోలో చెప్తరు. టూరిస్టులు వాళ్ల వెనక గంట నడవొచ్చు, ఆరు గంటలు నడవొచ్చు. దురదగొండిలాంటి చెట్లుంటయి, పొడుగు చేతుల చొక్కా, గ్లౌజులు తప్పవు. పదిహేనేండ్లు నిండనోళ్లకు అనుమతి లేదు. జలుబు, దగ్గు ఉంటే వెనక్కి పంపిస్తరు. మన జలుబు గొరిల్లాకు ప్రాణం మీదికి తెస్తది కాబట్టి మాస్కు పెట్టుకోవాలె, దూరం పాటించాలె.

ఈ నియమాలన్నీ న్యాయమైనవే. నేను చదువుతుంటే ఆగిపోయింది ఇంకోచోట. బ్విండిలో మనుషులకు అలవాటు పడిన గొరిల్లా కుటుంబాలు ఇరవైకి పైగా ఉన్నయి. ఎనిమిది మంది చొప్పున లెక్కేస్తే గిరాకీ రోజుల్లో నూట అరవై మంది బయటోళ్లు బూట్లేసుకొని అడవిలోకి పోవచ్చు. ఆ అడవిలో పుట్టిన బత్వా ముసలాయన తేనె కోసం తనంతట తాను పోతే మాత్రం నేరం.

బత్వాలు ఎవరు? బ్విండి, మ్గాహింగా, ఎచుయా అడవుల్లో ఎన్నో తరాలుగా వేట, తేనె, దుంపలు, మూలికల మీద బతికినోళ్లు. ఉగాండాలో వాళ్ల జనాభా ఆరేడు వేలకు మించదు. టూరిజం పుస్తకాల్లో పొట్టితనాన్ని పట్టి పెట్టిన ఒక పేరు కనిపిస్తది, అది వాళ్లు ఇష్టపడే పేరు కాదు, మనం వాడొద్దు. బ్రిటిష్ వాళ్లు 1930లలోనే ఆ అడవులను రిజర్వు చేసిండ్రు. మన దగ్గర నిజాం రిజర్వు గీతలు గీస్తున్న కాలమే అది, జోడేఘాట్ కాల్పులు 1940. అయినా అక్కడ బత్వాలు లోపల బతుకుతనే వచ్చిండ్రు. 1991లో బ్విండినీ, మ్గాహింగానూ జాతీయ పార్కులు చేసినంక ఆ కొద్ది దారీ మూసేసిండ్రు. రెండేండ్లు తిరగకముందే, 1993లో, బ్విండిలో టూరిస్టులకు గొరిల్లాలను చూపెట్టుడు మొదలైంది. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

నష్టపరిహారం కథ వింటే మనకు కొత్తగా అనిపించదు. అడవి అంచున చెట్లు కొట్టి పొలం చేసుకున్న రైతులకు ఎంతో కొంత పరిహారం అందింది, ఎందుకంటే వాళ్లకు చూపెట్టడానికి పంట ఉంది, హద్దు ఉంది. బత్వాలు చెట్టు కొట్టలేదు, దున్నలేదు, కంచె వెయ్యలేదు. అడవిని అడవిలెక్కనే ఉంచిండ్రు. అందుకే 'మీ భూమి ఏది?' అంటే చూపెట్టనీకి ఏం లేకపోయింది. చాలామంది ఖాళీ చేతులతో బయటికొచ్చి ఇతరుల పొలాల అంచుల్లో గుడిసెలు వేసుకున్నరు, కూలికి పోతే కూడు, లేకుంటే లేదు. తర్వాత కొన్ని ట్రస్టులు, చర్చిలు కొద్దిమందికి భూమి కొనిచ్చినయి. అందరికీ అందలేదు. 2003లో వాళ్ల కోసం ఒక అమెరికన్ డాక్టర్ చెట్టు కింద వైద్యం మొదలుపెడితే, అదే ఇప్పటి బ్విండి కమ్యూనిటీ ఆసుపత్రి అయింది. మంచి పనే. కానీ అడవిలో ఉన్నప్పుడు ఆకు, వేరు తెలిసిన మనుషులు, బయట పడ్డంక దాతల కోసం ఎదురుచూసే మనుషులైన తీరు కూడా ఆ చెట్టు కిందే కనబడతది.

800 డాలర్లలో ఊళ్లకు ఎంత పోతది? ఉగాండాలో పార్కు ప్రవేశ రుసుములో 20 శాతం చుట్టుపక్కల ఊళ్లకు ఇవ్వాలని చట్టం. గొరిల్లా పర్మిట్ మీద అది వేరు. ఒక్కో పర్మిట్‌కు చాలా ఏండ్లు 5 డాలర్లు ఇచ్చి, తర్వాత 10 డాలర్లు చేసిండ్రు. అంటే మన లెక్కలో వెయ్యి రూపాయల లోపే. ఆ డబ్బు స్థానిక ప్రభుత్వం ద్వారా బడికో, రోడ్డుకో, మేకల పంపిణీకో పోతది. మేక ఇస్తే కట్టేసుకునే జాగా ఉన్నోడికే లాభం. రువాండాలో పార్కుల ఆదాయంలో ఊళ్ల వాటా 5 శాతం ఉండేది, 2017లో 10 శాతం చేసిండ్రు. ఈ వాటాల్లో ఎక్కడా 'ఈ అడవి ఎవరిది' అన్న ప్రశ్న లేదు. పార్కు పక్కన ఉన్నందుకు ఇచ్చేది ఇది, పార్కు తమదైనందుకు వచ్చేది కాదు. కిరాయికీ దానానికీ ఉన్నంత తేడా అది.

బత్వాలు ఊరికే కూర్చోలేదు. 2000లో తమ సంఘం పెట్టుకున్నరు. 2013లో ఉగాండా రాజ్యాంగ కోర్టులో పిటిషన్ వేసిండ్రు. ఎనిమిదేండ్లు నడిచింది. 2021 ఆగస్టు 19న తీర్పు వచ్చింది. అడవి నుంచి వెళ్లగొట్టి తగిన పరిహారం ఇవ్వకపోవడం వల్లనే వాళ్లు ఈ స్థితికి వచ్చిండ్రని, దాన్ని సరిదిద్దే చర్యలు తీసుకోకపోవడం రాజ్యాంగానికి విరుద్ధమని కోర్టు చెప్పింది. ఎంత, ఎట్లా ఇవ్వాలో తేల్చమని హైకోర్టుకు పంపింది. కాంగోలో కహుజీ-బియెగా అనే పార్కు ఉంది, అక్కడివి వేరే రకం గొరిల్లాలు, మనుషులు మాత్రం అదే బత్వాలు, 1970లలో వెళ్లగొట్టబడ్డోళ్లు. ఆ కేసులో ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ ఇచ్చిన నిర్ణయం 2024లో బయటికొచ్చింది. బత్వాల హక్కులను కాంగో ప్రభుత్వం ఉల్లంఘించిందని అందులో తేల్చి చెప్పింది. ఈ రెండు తీర్పులూ మన దగ్గర హక్కుల కోసం కొట్లాడేవాళ్లు చదవాల్సినవి. గ్రామసభలో కూర్చున్నప్పుడు 'ప్రపంచంలో ఎక్కడా లేదు' అనే ఆఫీసరుకు చెప్పనీకి పనికొస్తయి.

ఇక్కడ మన సంగతి కొంచెం చెప్పాలె. 2024 జూన్‌లో పులుల సంరక్షణ అథారిటీ రాష్ట్రాలకు ఉత్తరం రాసింది, టైగర్ రిజర్వుల కోర్‌లో ఇంకా ఉన్న 591 గ్రామాల తరలింపుకు ప్రణాళిక చెప్పమని. 64 వేలకు పైగా కుటుంబాలు. కవ్వాల్‌లో మైసంపేట, రాంపూర్ గూడేలు ఇప్పటికే బయటికొచ్చినయి. 2025 మే నెలలో ఆసిఫాబాద్ అడవులను కన్జర్వేషన్ రిజర్వు చేస్తూ జీవో 49 వచ్చింది, మనం రోడ్డెక్కితే జులైలో నిలిపివేసిండ్రు. నిలిపివేసుడు అంటే రద్దు కాదని ఈ పేజీలో చాలాసార్లు రాసినం. బత్వాలకూ మనకూ ఒక తేడా ఉంది. 1991లో వాళ్ల చేతుల్లో ఏ కాగితమూ లేదు. మన చేతుల్లో 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. వన్యప్రాణుల కోసమని మన హక్కులను మార్చాలన్నా, మనల్ని కదిలించాలన్నా, ముందు హక్కులు గుర్తించాలె, కలిసి బతకడం సాధ్యం కాదని తేల్చాలె, గ్రామసభ తెలిసి, స్వేచ్ఛగా ఒప్పుకోవాలె. ఆ ఒప్పుకోలు సంతకాలు ఎట్లా తీసుకుంటరో కూడా మనకు తెల్సు. అందుకే బ్విండి కథ తెలిసి ఉండాలంటున్న. అక్కడ ఎవరూ ఒప్పుకోలు అడగనే లేదు. జంతువు బతికింది, టూరిజం బతికింది, ముప్పై ఏండ్లు దాటినా మనుషుల లెక్క తేలలేదు. రేపు మన దగ్గరికొచ్చి 'గొరిల్లాలను చూడండి, జనం బయటికి పోతేనే పెరిగినయి' అనేటోళ్లు ఉంటరు. రోజుకు నూట అరవై మంది టూరిస్టులను తట్టుకునే అడవి, తేనె తీసే కొన్ని వందల కుటుంబాలను ఎందుకు తట్టుకోలేదో వాళ్లను అడగాలె. జనం ఉంటూనే గొరిల్లాను కాపాడే దారి 1991లో ఎవరూ వెతకలేదు. వెతకనిదాన్ని అసాధ్యం అని ఎట్లంటరు?

సరే, తమ్ముని ప్రశ్నకు వస్త. ఉంచాల్నా, తీసెయ్యాల్నా?

మ్గాహింగాలో బత్వా ట్రయిల్ అని ఒకటి ఉంది. బత్వా గైడ్లు టూరిస్టులను అడవిలోకి తీసుకపోయి కట్టెలు రాపాడించి నిప్పు పుట్టిస్తరు, తేనె ఎట్లా తీసేదో, విల్లు ఎట్లా వేసేదో చూపెడతరు, చివరికి గరామా గుహలో చీకట్లో పాడతరు. మన పెద్దమనుషులు ఒకరిద్దరు దీన్ని మనుషుల జూ అన్నరు. సగం ఒప్పుకుంట. వేటాడితే జైల్లో పెట్టే అడవిలో, వేట నటిస్తే టికెట్ పెట్టుడు ఎంత చేదు! గుస్సాడీని మన దండారికి చేయడం వేరు, మంత్రి వచ్చిండని నెమలి టోపీలు పెట్టించి స్టేజీ ముందు ఎండలో నిలబెట్టుడు వేరు. మనకు తెల్వనిదా? కానీ మిగతా సగం కూడా చూడాలె. బత్వా పెద్దలు అడవిలో ధైర్యంగా అడుగుపెట్టగలిగే దారి అదొక్కటే మిగిలింది. పక్కన నడిచే పిల్లవాడు ఆ చెట్టు పేరు తాత నోట వినేది అక్కడే. నువ్వు తీసేస్తే వాళ్ల కూలి పోతది తప్ప వాళ్ల అవమానం పోదు.

కాబట్టి ఉంచు. కానీ ఉంచే పద్ధతి మార్చు. కంపెనీని ముందు అడుగు: నీ దగ్గర తీసుకునే పైసల్లో ఎంత బత్వాల చేతికి పోతది, ఏ సంఘం ద్వారా పోతది, ఆ కార్యక్రమాన్ని నడిపేది బత్వాలేనా, వేరేవాళ్లు పెట్టి వాళ్లను ఆడిస్తున్నరా. జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే వేరే చోటు చూసుకో, బత్వాల సంఘంతో కలిసి నడిచేవి ఉన్నయి. పిల్లలకు చాక్లెట్లు పంచి ఫొటోలు దిగకు. మన గూడేలకు వచ్చేటోళ్లు ఆ పని చేస్తే మనకు ఎంత మంటైతదో యాదుంచుకో. ట్రెక్కింగ్‌లో బ్యాగు మోసే పోర్టర్‌ను పెట్టుకో, నీకు బలం ఉన్నా సరే, ఆ కూలి నేరుగా ఊరి మనిషికి పోతది. ఇంకోటి, వాళ్లతో కూర్చున్నప్పుడు ఉత్త ఇండియా నుంచి వచ్చిన అని చెప్పకు. నువ్వు గోండువని, మీ తాత కూడా అడవిలోనే పుట్టిండని, మీ ఊరి మీద కూడా పులి కాగితం తిరుగుతున్నదని చెప్పు. దుబాసీ ఉంటడు, భాష అడ్డం కాదు. వాళ్లు ఎప్పుడూ టూరిస్టుల ప్రశ్నలకు జవాబులు చెప్తనే ఉంటరు. నిన్నేమన్న అడుగుతరేమో చూడు.

ఇదంతా నిన్న ఫోన్‌లో చదివి వినిపించిన. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, నాలుగో రోజుది రెండో రోజు సాయంత్రానికి జరపొచ్చా? గొరిల్లాల కంటే ముందే వాళ్లను కలుస్తం" అన్నడు. ఎనిమిది గంటలు కారులో కూసున్నంక కష్టం, మూడో రోజు పొద్దున పెట్టుకొని ట్రెక్కింగ్ నాలుగో రోజుకు జరుపుకో, పర్మిట్ తేదీ ఇంకా ఖాయం కాలేదు కద అన్న. దోస్తులను ఒప్పించుకున్నడు. పడవ ప్రయాణం ఎగిరిపోయింది, ఒకడు అలిగిండట.

కంపెనీకి ఆ ప్రశ్నలు మెయిల్ పెట్టిండు. కార్యక్రమం సమయం, ధర రాసి పంపిండ్రు. పైసలు ఎవరి చేతికి పోతయన్నదానికి ఇంకా జవాబు రాలేదు. మళ్లీ అడగమని చెప్పిన.